అర మీటరు సముద్రం

కొత్త సాఫ్ట్‌వేర్‌లో అంకెలు గట్టిగా చదవనక్కర్లేదని తెలిసినప్పుడు, ఆ వాతావరణ ఆఫీసులో అందరికంటే ఎక్కువ సంతోషపడింది పిచ్చుక.

ఆమెకి అసలు పేరు వేరే ఉంది. ఆఫీసులో దాన్ని జీతం రోజు తప్ప ఎవరూ వాడరు. సన్నటి మనిషి, అంతకన్నా సన్నటి గొంతు. చేరిన వారంలోనే పెద్దక్క ఆ పేరు పెట్టేసింది. పెద్దక్క ఎవరికీ సొంత అక్క కాదు. ఆ గదిలో అందరికంటే సీనియరు, అందరికంటే పెద్ద నోరు. ఆవిడ పెట్టిన పేరు ఇక మారదు.

పాత పద్ధతిలో పని ఇలా జరిగేది. నడిసముద్రంలో గొలుసు వేసి వదిలిన తేలే యంత్రం ఒకటి ఉంది. అది గంటకోసారి అలల ఎత్తు, గాలి వేగం పంపుతుంది. డ్యూటీలో ఉన్నవాళ్ళు దాన్ని చూసి, వరండా చివరనున్న దుర్భిణిలోంచి అలల గోడ అవతల పాతిన గీతల కర్రని కూడా చూసి, రెండూ సరిపోయాయనుకున్నాక అంకెని పైకి చదవాలి. పక్క కుర్చీలోని మనిషి దాన్ని తిరిగి చదవాలి. అప్పుడే మీట నొక్కాలి.

"ఏంటీ? మళ్ళీ చెప్పు," అనేది పెద్దక్క.

"మూడు మీటర్లక్కా."

"నాకు వినబడలేదు, నీకైనా వినబడిందా?"

గది అంతా నవ్వేది. పిచ్చుక తలొంచుకుని మళ్ళీ చదివేది. ఆ నవ్వు కంటే ఆ అంకె చదవడమే ఆమెకి కష్టంగా ఉండేది. ఎందుకంటే ఆమె అమ్మ సముద్రానికి అవతల ఉంది.

అమ్మ దీవిలో ఉన్న చిన్న ఆసుపత్రిలో నర్సు. వారానికోసారి లాంచీలో ఇంటికొచ్చి రెండు పూటలు ఉండి వెళ్ళేది. ఈ ఏడు గాలుల కాలం ముందే మొదలైంది, ఆగే సూచనే లేదు. అల ఒకటిన్నర మీటర్లు దాటితే లాంచీ కదలకూడదని రూలు. వారాలు గడిచిపోయాయి. రేవులో బోర్డు మీద ఎర్రదీపం అలా వెలుగుతూనే ఉంది. అమ్మ ఫోనులో మాట్లాడితే గాలికి సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. ఆ ఎర్రదీపాన్ని వెలిగించే అంకెని మాత్రం గంట గంటకీ పిచ్చుకే టైపు చేస్తోంది.

మనసాగక రేవుకి ఫోన్ చేస్తే, అక్కడ టికెట్లిచ్చే రేవు బాబాయి నవ్వేవాడు. "లాంచీ ఉందా అని నన్నడుగుతావేంటమ్మా? నువ్వు చెప్తేనే కదా నాకు తెలిసేది!"

ఇంట్లో నాన్న, తను. నాన్న దర్జీ. ముందు గదే కొట్టు. ఇద్దరే ఉన్న ఇంట్లో మాటలు కూడా సరుకుల్లాగే పొదుపుగా వాడుకుంటున్నారు. ట్రైనింగ్ రోజు పొద్దున పిచ్చుక జడ వేసుకుంటుంటే, నాన్న అమ్మ కోసం కుట్టిన కొత్త జాకెట్టుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. పక్క కుట్లు వెయ్యకుండా వదిలేశాడు.

"మీ అమ్మ చిక్కిపోయిందేమోనే. నిన్న ఫోన్లో గొంతు చిక్కినట్టు లేదూ?"

"గొంతు చిక్కితే జాకెట్టు వదులవుతుందా నాన్నా?"

"అవుతుంది. నీకు తెలీదు, నేను దర్జీని," అన్నాడాయన సీరియస్‌గా.

సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ట్రైనర్ కుర్రవాడే. మెడలో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్, నుదుటి మీద చెమట. వాక్యం చివర "ఓకేనా?" అనకుండా ఉండలేడు. వచ్చిన కాసేపటికే పెద్దక్క అతనికి అప్‌డేట్ బాబు అని పేరు పెట్టేసింది.

"ఇంతకీ బాబూ, నీ కొత్తది వానని ముందే చెప్తుందా?"

"చెప్తుంది మేడం. పాతదానికంటే బాగా చెప్తుంది. ఓకేనా?"

"పాతది కూడా చెప్పేదిలే. మేం తడిసి వచ్చి తల తుడుచుకుంటుంటే చెప్పేది."

వెనక వరసలో మ్యాపులాయన గట్టిగా నవ్వాడు. రంగు రంగుల వాతావరణ మ్యాపులు తయారు చెయ్యడం ఆయన పని. భోజనమయ్యాక కుర్చీలోనే కునుకు తియ్యడం ఆయన అలవాటు. ట్రైనింగ్ పొద్దున పెట్టారు కాబట్టి మెలకువగానే ఉన్నాడు.

అప్‌డేట్ బాబు గోడమీద పెద్ద తెర వేసి ఒక్కొక్కటే చూపించాడు. ఇంతకుముందు ప్రాక్టీసు చెయ్యాలంటే వేరే కంప్యూటర్ ఉండేది. ఇప్పుడు రెండూ ఒకే కిటికీలో. పైన సన్నటి పట్టీ పసుప్పచ్చగా ఉంటే ప్రాక్టీసు, నీలంగా ఉంటే అసలుది. పట్టీ మీద నొక్కితే ఇది అదవుతుంది, అది ఇదవుతుంది. పొద్దున్నే అందరి కంప్యూటర్లలోనూ పసుప్పచ్చ పట్టీ పెట్టి ఉంచాడు.

"ఇంకో మంచి మార్పు. ఇంతకుముందు ఒకరు చదివి ఇంకొకరు ఒప్పుకుంటే గానీ అంకె బయటికి వెళ్ళేది కాదు. ఇప్పుడు మీరు పంపు అని నొక్కగానే మ్యాపుకి, ఫోన్లకి, రెండు రేవుల బోర్డులకి ఒకేసారి వెళ్ళిపోతుంది. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు. ఓకేనా?"

పిచ్చుక మొహంలో వెలుగు చూసి పెద్దక్క ఆమె డొక్కలో పొడిచింది. "మహా ఆనందంగా ఉందే! నా గొంతు నీకంత బరువైపోయిందా?" అని, వెంటనే ట్రైనర్ వైపు తిరిగింది. "బాబూ, తప్పు కొడితే?"

"అసాధ్యమైన అంకెల్ని సిస్టమ్ ఒప్పుకోదు మేడం. అల యాభై మీటర్లంటే తోసేస్తుంది."

"సరే. సాధ్యమైన తప్పు కొడితే?"

అప్‌డేట్ బాబు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "దానికి సవరణ ఉంటుంది మేడం. అది మధ్యాహ్నం పాఠం."

ఈలోగా గంట అంకె పంపే వేళయింది. ట్రైనింగ్ ఉందని సముద్రం ఆగదు కదా. డ్యూటీ పిచ్చుకదే. లేచి వెళ్ళి దుర్భిణిలో చూసి వచ్చింది. కర్ర మీద నీళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి. తేలే యంత్రం మూడు మీటర్లంటోంది. కుర్చీలో కూర్చుని, పట్టీ మీద నొక్కి నీలం చేసి, అంకెలు కొట్టి పంపింది. పైకి చదవలేదు. ఎవరూ "ఏంటీ?" అనలేదు. ఎంత హాయిగా ఉందో అనుకుంది.

"గుడ్! చూశారా, కొత్తదాంట్లో మొదటి అసలు అంకె ఈ మేడమే పంపారు," అన్నాడు అప్‌డేట్ బాబు. అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుకకి చెవుల దాకా వేడెక్కిపోయింది. ఆ సిగ్గులో ఆమె పట్టీని మళ్ళీ పసుప్పచ్చ చెయ్యడం మర్చిపోయింది.

"ఇప్పుడు సరదా ఎక్సర్‌సైజు," అన్నాడతను. "అన్ని గడులూ నింపండి. మీ ఇష్టం వచ్చిన వాతావరణం పెట్టుకోండి. పంపాక మ్యాపులో రంగులెలా మారతాయో చూడండి. ఇవాళ ఆకాశం మీది, సముద్రం మీది."

గది ఒక్కసారి బడి అయిపోయింది. మ్యాపులాయన రేవు మీద మంచు కురిపించాడు. "ఒక్కసారన్నా తెల్ల రంగు వాడదామని. ఇన్నేళ్ళుగా డబ్బా మూత కూడా తియ్యలేదు," అన్నాడు. పెద్దక్క తన ఇంటిమీద మబ్బు, పక్కింటిమీద వడగళ్ళు పెట్టింది. "మా పక్కింటావిడ వడియాలు ఆరబెట్టుకుందిలే, సరిపోతుంది," అని ఆవిడంటే అందరూ పగలబడి నవ్వారు.

పిచ్చుక ఖాళీ గడుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఇష్టం వచ్చిన వాతావరణం. ఇన్ని వారాలుగా ఆమెకి ఉన్నది కొట్టడమే తెలుసు. కావలసింది కొట్టమని ఎవరూ అడగలేదు.

ఆమెకి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. తను చిన్నపిల్ల. అమ్మతో కలిసి దీవికి వెళ్తోంది. సముద్రం నాన్న బల్ల మీద పరిచి ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. లాంచీ దాన్ని కత్తెరలా మెత్తగా చీల్చుకుంటూ పోతోంది. అమ్మ ఒడిలో మందుల వాసన. అమ్మ కళ్ళు మూసుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. అప్పుడు అలల ఎత్తు ఎంతుండేదో ఎవరు కొలిచారు?

అల ఎత్తు గడిలో అర మీటరు అని కొట్టింది. గాలి, ఆకు కదిలీ కదలనంత. చూపు, ఎంత దూరమైనా. మళ్ళీ ఒకసారి చదువుకుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, పంపు అని నొక్కింది.

తెరమీద సముద్రం ఎరుపులోంచి నారింజలోకి, నారింజలోంచి లేత ఆకుపచ్చలోకి మారింది. ఇవతలి ఒడ్డు నుంచి దీవి దాకా ఎక్కడా మచ్చ లేదు. పిచ్చుక గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దాన్ని చూస్తూ కూర్చుంది. అప్‌డేట్ బాబు తర్వాత పేజీకి, ఆ తర్వాత పేజీకి వెళ్ళాడు. గ్రాఫులు, పాత నెలలతో పోల్చడం, రిపోర్టులు. ఆమె చెవికేదీ ఎక్కలేదు.

టీ విరామంలో బ్యాగులోంచి ఫోన్ తీసి చూస్తే నాన్న ఫోన్లు వరసగా ఉన్నాయి. కప్పు పట్టుకునే వరండాలోకొచ్చి ఫోన్ చేసింది.

"ఎక్కడ చచ్చావే? చేసి చేసి నా వేలరిగిపోయింది!"

"ట్రైనింగ్ నాన్నా, ఫోన్లు తియ్యొద్దన్నారు. ఏమైంది?"

"అమ్మ వస్తోంది!"

పిచ్చుక ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"బోర్డు ఆకుపచ్చ అయిందని రేవు బాబాయి మనిషిని పంపాడు. ఈలోగా మీ అమ్మే చేసింది. సగం మాటలు గాలికి పోయాయి గానీ, 'ఎక్కేశానండీ' అన్నది మాత్రం శుభ్రంగా వినబడింది. కొట్టు మూసేసి రేవుకి పోతున్నా. నువ్వు త్వరగా బయటపడతావా? ఏదైనా కడుపునొప్పని చెప్పవే!"

"వస్తా నాన్నా. వచ్చేస్తా," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళకి! సముద్రం తగ్గిందన్నమాట. అమ్మ రాత్రికి ఇంట్లో ఉంటుందన్నమాట. అమ్మ గదిలో దుప్పటి మార్చాలి. ఇంట్లో పాలు ఉన్నాయో లేవో. ఆ తగ్గిన సముద్రాన్ని కళ్ళారా చూద్దామని వరండా చివరికి పరుగెత్తింది.

గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. కప్పులో టీ చేతిమీద ఒలికింది.

సముద్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. అలల గోడ అవతల అంతా తెల్లటి నురగ. గీతల కర్ర మునుగుతోంది, లేస్తోంది, మళ్ళీ మునుగుతోంది. తగ్గిన సంగతి సముద్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మరి బోర్డు ఎందుకు ఆకుపచ్చ అయింది?

అడగ్గానే జవాబు తెలిసిపోయింది. తెరమీద పట్టీ రంగు ఏమిటో ఇప్పుడు గుర్తొచ్చింది. మంచు కురిసిన రేవు, వడగళ్ళు పడ్డ పక్కిల్లు ఆ గదిలోనే ఉండిపోయాయి. తన అర మీటరు మాత్రం బయటికి వెళ్ళింది.

దీవిలో రేవు కొండచాటున ఉంటుంది. అక్కడ నీళ్ళు ఎప్పుడూ పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. కొండ మలుపు తిరిగితే గానీ నడిసముద్రం సంగతి తెలీదు. అందుకే అక్కడివాళ్ళు కళ్ళతో చూసి కాదు, బోర్డు చూసి లాంచీ వదులుతారు.

పిచ్చుక కదలాలి. కదల్లేదు. ఒక ఆలోచన ఆమె కాళ్ళు పట్టుకుంది. లాంచీ నడిపే సరంగు పాతకాపు. ఇంతకంటే పెద్ద అలల్లో కూడా నడిపానని చెప్పుకుంటాడు. అమ్మ ఎక్కేసింది. ఇంకాసేపు తను నోరు మూసుకుని ఇక్కడే నిలబడితే, అమ్మ ఇవతలి ఒడ్డున దిగుతుంది. నాన్న ఆమె చేతిలోంచి సంచీ లాక్కుంటాడు. ఎవరైనా అడిగితే సాఫ్ట్‌వేర్ కొత్తదంటారు. కొత్తదానికి తప్పులుండవా? అమ్మ వచ్చేస్తుంది. అంతే.

అప్పుడే ఒక అల వచ్చింది. కర్ర మునిగింది. పిచ్చుక అది లేవడం కోసం చూసింది. ఎంతకీ లేవలేదు. అది లేచేటప్పటికి ఆమె గదిలో ఉంది.

అప్‌డేట్ బాబు బిస్కెట్ తింటూ మ్యాపులాయనతో మాట్లాడుతున్నాడు. పిచ్చుక వాళ్ళని దాటిపోయింది. గబగబా వెళ్ళి పెద్దక్క చెయ్యి పట్టుకుని లాగింది.

"ఏమే, చెయ్యి ఊడొస్తుంది! ఏంటా మొహం? దెయ్యాన్ని చూశావా?"

పిచ్చుక ఆవిడని తన కంప్యూటర్ దగ్గరికి లాక్కెళ్ళి, పట్టీ మీద వేలు పెట్టింది. తర్వాత ఆకుపచ్చ సముద్రం మీద పెట్టింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూపించింది.

పెద్దక్క చూసింది. నీలం పట్టీ చూసింది, అర మీటరు చూసింది. ఆవిడ మొహంలో నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది.

"లాంచీ?"

"అమ్మ ఎక్కేసిందక్కా," అంది పిచ్చుక.

పెద్దక్క తిట్టలేదు. గది అదిరేలా ఒక్క కేక పెట్టింది. "బాబూ! ఆ మధ్యాహ్నం పాఠం ఇప్పుడు చెప్పు! నువ్వు రేవుకి ఫోన్ కొట్టవే, నిలబడతావేం!"

అప్‌డేట్ బాబు బిస్కెట్ అక్కడే పడేసి కుర్చీలో కూర్చున్నాడు. పిచ్చుక నంబరు నొక్కింది.

"బాబాయ్, లాంచీ ఆపండి."

"ఎవరూ? గాలికి ఏం వినబడట్లేదు."

"బాబాయ్, నేను. లాంచీ ఆపండి!"

"ఓ, పిచ్చుకా! శుభవార్త తెలిసిందా? మీ నాన్నయితే చెప్పులు తారుమారుగా వేసుకుని వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు..."

"అది తప్పు బాబాయ్. నేనే కొట్టాను. ప్రాక్టీసు అనుకున్నాను. అలలు మూడు మీటర్లు దాటి ఉన్నాయి. లాంచీని వదలొద్దని చెప్పండి."

చాలా నెమ్మదిగా, "కదిలిపోయిందమ్మా," అన్నాడాయన.

ఫోన్ పక్కన పెట్టి వైర్‌లెస్ అందుకున్నట్టున్నాడు. పిచ్చుక చెవికి గరగర శబ్దం, దాని వెనక ఆయన అరుపు వినబడుతున్నాయి. మలుపు దాటొద్దు, వెనక్కి తిప్పు, వెనక్కి. సరంగు గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఏంటయ్యా మీ గోల? కాసేపు పొమ్మంటారు, కాసేపు రమ్మంటారు! ఇక్కడ నీళ్ళు అద్దంలా ఉంటే..." అంటూనే, "ఓరి నాయనో!" అన్నాడు. తర్వాత ఏదో పగిలినట్టు చప్పుడు. తర్వాత గరగర ఒక్కటే.

ఇప్పుడు పిచ్చుక కోరుకునేదల్లా ఒక్కటే. అమ్మ తన నుంచి దూరంగా వెళ్ళాలి. ఇన్ని వారాలూ దగ్గరికి రమ్మని లాగిన మనసుతోనే ఇప్పుడు వెళ్ళిపో, వెళ్ళిపో అని అవతలికి తోస్తోంది.

పక్కన అప్‌డేట్ బాబు సవరణ పేజీ తెరిచాడు. సరైన అంకె పెట్టాడు. కారణం చెప్పమని తెర అడిగింది. మూడు కారణాలున్నాయి. యంత్ర లోపం, నెట్‌వర్క్ లోపం, మనిషి పొరపాటు. అతని చెయ్యి మొదటిదాని దగ్గర ఆగింది, అతను పిచ్చుక వైపు చూశాడు.

"మూడోది," అంది పిచ్చుక.

అతను మూడోది నొక్కాడు. ఆకుపచ్చ సముద్రం ఒక్కసారిగా ఎర్రబడింది.

ఫోన్లో రేవు బాబాయి మళ్ళీ మాట్లాడేసరికి యుగం గడిచినట్టయింది. "తిప్పేశాడమ్మా. మలుపు దగ్గర ఒక దెబ్బ తగిలింది, ఒక అద్దం పోయిందట. మనుషులకేం కాలేదు. తాళ్ళు కట్టేశారు. వింటున్నావా? అందరూ దిగుతున్నారు."

పిచ్చుక వింటోంది. కానీ నేలమీద కూర్చుని వింటోంది. ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలీదు.

ఆ తర్వాత గదిలో చాలాసేపు ఎవరూ జోకులు వెయ్యలేదు. అప్‌డేట్ బాబు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "ఆ పట్టీ అంత సన్నగా పెట్టడం మా తప్పే. పంపేముందు 'ఇది నిజమా' అని అడిగేలా చెయ్యాలి. ఇవాళే రాసి పంపుతా," అన్నాడు. ఓకేనా అనడం మర్చిపోయాడు.

"అది వచ్చేదాకా మా పద్ధతే," అంది పెద్దక్క. "ఇది చదువుతుంది, నేను తిరిగి చదువుతా. వినబడకపోతే పదిసార్లు చదివిస్తా. మీ సిస్టమ్‌కి నచ్చితే నచ్చింది, లేకపోతే లేదు." తర్వాత వంగి, పిచ్చుక జుట్టు మొహం మీంచి తీసింది. "లే. చెయ్యి చూడు, టీ పడి ఎర్రబడింది. కాలిందన్న సంగతైనా తెలిసిందా నీకు?"

పిచ్చుక వరండాలోకెళ్ళి ముందు నాన్నకి చేసింది.

"తెలిసిందిలే. ఇక్కడ అన్నీ విన్నా," అన్నాడాయన.

"కోప్పడు నాన్నా."

"తర్వాత పడతాలే. ఇప్పుడు ఓపిక లేదు." మళ్ళీ ఆయనే, "కొట్టు ఎలాగూ మూసేశా కదా. కాసేపిక్కడే కూర్చుంటా," అన్నాడు.

పెట్టేసిన వెంటనే ఫోన్ మళ్ళీ మోగింది. అమ్మ. వెనక గాలి, మనుషుల గొడవ.

"ఏమే, విన్నావా మా భాగోతం? ఎక్కించారు, దింపారు. మీ ఆఫీసులో ఎవరో ఆడుకుంటూ ఏదో కొట్టారట కదా. ఇక్కడ వాళ్ళని తిట్టని నోరు లేదు. ఒక ముసలాయన మనవరాల్ని చూద్దామని బయల్దేరాడు, పాపం, గట్టుమీద కూర్చుని లేవనంటున్నాడు. నేనూ తిట్టాననుకో."

"అమ్మా, అది నేనే."

గాలి ఒక్కటే వినబడింది. లైను పోయిందేమో అనుకుంది పిచ్చుక.

"నువ్వా," అంది అమ్మ. తర్వాత, "ఎంత కొట్టావే?"

"అర మీటరు."

"అర మీటరా! ఎందుకే అంత పిసినారితనం? ఒకటింపావు కొట్టినా లాంచీ వదిలేవాళ్ళు కదే!"

"నీకు లాంచీలో తిప్పుతుంది కదమ్మా. వాంతులవుతాయి కదా. అందుకని... బాగా తగ్గించాను."

అమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తడిసిపోయి ఆగింది. దీవి ఒడ్డున ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఇనుప గొలుసు దేనికో కొట్టుకుంటోంది.

"మలుపు దాకా వచ్చాం కదా," అంది అమ్మ నెమ్మదిగా. "లాంచీ తిరిగేముందు మన ఒడ్డు కనబడిందే. ఎన్నాళ్ళకి చూశానో. నీళ్ళు కొట్టి అద్దం పగిలి జనం అరుస్తుంటే నేను మాత్రం అటే చూస్తున్నా. నీళ్ళ ట్యాంకు కనబడింది. దాని పక్కన తెల్లగోడ. మీ ఆఫీసే కదూ?"

"మా ఆఫీసు గోడ నీలం రంగు కదమ్మా. నిరుడు వేశారు."

"అయితే ఏ గోడో," అంది అమ్మ. "నేను మాత్రం మీ ఆఫీసే అనుకుని చూశాను. నువ్వు లోపల కూర్చుని ఉన్నావనుకుని చూశాను."

పిచ్చుక ఏదో అనబోయింది. ఈసారి నిజంగానే లైను పోయింది. మళ్ళీ చేసినా తగల్లేదు. అమ్మ వార్డుకి బయల్దేరి ఉంటుంది. సంచీ మోసుకుంటూ ఆసుపత్రికెళ్ళే ఎత్తు దారి ఎక్కుతూ ఉంటుంది.

ఆమె వరండా చివరికి వెళ్ళి, సముద్రం వైపు కాకుండా, నీళ్ళ ట్యాంకు వైపు చూసింది. దాని పక్కన ఐసు ఫ్యాక్టరీ వెనక గోడ ఉంది. సున్నం వేసి చాలాకాలమైంది, అక్కడక్కడా పెచ్చులూడింది. అయినా దూరం నుంచి చూస్తే తెల్లగా కనబడుతుంది కాబోలు. రోజూ దాని పక్కనుంచే నడిచి వస్తుంది గానీ, ఆ గోడని ఎప్పుడూ ఆగి చూడలేదు. ఇప్పుడు చూస్తూ నిలబడింది.

"పిచ్చుకా! గంటయింది, అలలెంత?" లోపల్నుంచి పెద్దక్క కేకేసింది.

పిచ్చుక కళ్ళు తుడుచుకుని, దుర్భిణి దగ్గరికి నడిచింది.